తొమ్మిది మెరుపులు, ఎన్ని నిమిషాలు?

ఏప్రిల్ సగం దాటిందంటే మనోళ్ళ స్టేటస్‌లన్నీ మెరుపులే. మధ్యాహ్నం దాకా మాడగొట్టిన ఎండ సాయంత్రానికి మబ్బవుతుంది, గాలి లేస్తుంది, తోటల్లో తోతాపురి కాయలు రాలతాయి, రాత్రి తొమ్మిదికల్లా గ్రూపులో ఎవరో ఒకరు ఫోటో పెడతారు. కింద మదనపల్లె లైట్లు, పైన ఊదారంగు ఆకాశం, అందులోంచి తొమ్మిది మెరుపులు ఒక్కసారే ఊరి మీదికి దిగుతుంటాయి. మదనపల్లె కాకపోతే బెంగుళూరు, అదీ కాకపోతే హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి. ఊరు మారుతుందంతే, మెరుపుల లెక్క మాత్రం తగ్గదు.

దాని కింద కామెంట్లు రెండు రకాలు. ‘అన్నా, పిచ్చెక్కించావ్’ అనేవాళ్ళు కొందరు. ‘ఎడిటింగ్ రా సామీ, ఫేక్’ అనేవాళ్ళు కొందరు. ఈ రెండు పార్టీల్లో నేను ఏ పార్టీలోనూ లేను. ఎడిట్ చేశారా లేదా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్నే కాదు. అడగాల్సింది ఒకటే: ఆ తొమ్మిదీ పడడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? ఫోటో పెట్టినవాళ్ళు అది చెప్పాలి. చెప్పకపోతే ఎంత బాగున్నా అది సగం ఫోటోనే అంటాను.

ఎందుకంటానో అర్థం కావాలంటే ముందు ఆ ఫోటో ఎట్లా తయారవుతుందో చూడాలి. తెలిసినవాళ్ళు రెండు పేరాలు దాటేయండి.

మెరుపును చూసి బటన్ నొక్కితే అందదు. మనం చూసేటప్పటికే అయిపోయి ఉంటుంది. అందుకే కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, మాన్యువల్ ఫోకస్‌తో దూరంగా ఉన్న ఒక వీధిదీపాన్ని స్పష్టం చేసుకుని, ఐఎస్‌ఓ 100, ఎఫ్8, షట్టర్ 20 సెకన్లు పెట్టి వరసగా తీస్తూ పోతారు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉన్నా చాలు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే ఆప్షన్ ఆపేయాలి, లేకపోతే ప్రతి ఫోటో తర్వాత కెమెరా అంతే సేపు కళ్ళు మూసుకుంటుంది, మంచి మెరుపు సరిగ్గా అప్పుడే పడుతుంది. ఇక్కడ ఒక సరదా లెక్క ఉంది. 20 సెకన్లు తెరిచి ఉంచినా 5 సెకన్లు తెరిచి ఉంచినా మెరుపు వెలుతురు ఫోటోలో మారదు, ఎందుకంటే అది సెకనులో సగం కూడా ఉండదు. దాని వెలుతురును శాసించేది అపెర్చరూ ఐఎస్‌ఓ మాత్రమే. ఊరి లైట్లు అట్లా కాదు, అవి ఆగకుండా వెలుగుతుంటాయి కాబట్టి షట్టర్ ఎంత సేపు తెరిస్తే అంత మండిపోతాయి. ఒకే ఫోటోలో రెండు గడియారాలన్నమాట.

ఇప్పుడు 40 నిమిషాలు తీశారనుకోండి. 20 సెకన్ల లెక్కన 120 ఫ్రేములు. అందులో 9 ఫ్రేముల్లో ఒక్కొక్క మెరుపు పడింది. ఆ తొమ్మిదింటినీ ఫోటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పేర్చి, బ్లెండింగ్ మోడ్ ‘లైటెన్’ పెడతారు. లైటెన్ చేసేది చాలా చిన్న పని: ప్రతి పిక్సెల్ దగ్గర అన్ని లేయర్లనూ పోల్చి, ఏది ఎక్కువ వెలుగుతుంటే దాన్ని ఉంచుకుంటుంది. ఊరి లైట్లు అన్నింటిలో ఒకేలా ఉంటాయి కాబట్టి మారవు. మెరుపు ఒక్కో లేయర్‌లో ఒక్కో చోట ఉంటుంది కాబట్టి అన్నీ నిలబడతాయి. ఐదు నిమిషాల పని. తెలిసినవాళ్ళకు మూడు.

దీన్ని ఫేక్ అనేవాళ్ళకు నాదొక ప్రశ్న. ఒకే 20 సెకన్ల ఫ్రేములో మూడు మెరుపులు పడ్డాయనుకోండి, అది ఫేకా? కాదంటారు, ‘సింగిల్ షాట్ కదా’ అంటారు. కానీ ఆ మూడూ కూడా ఒక్క క్షణంలో పడలేదు, ఆరేడు సెకన్ల ఎడంతో పడ్డాయి. కెమెరాయే వాటిని కలిపింది. మూడు ఫ్రేములు కలిపితే 60 సెకన్లు, ఒక ఫ్రేములో కలిస్తే 20 సెకన్లు. తేడా ఏమైనా ఉంటే సెకన్లలోనే ఉంది, ఫోటోషాప్‌లో లేదు. ఫిలిం రోజుల్లో కూడా షట్టర్ తెరిచి పెట్టి, లెన్స్ ముందు నల్ల అట్టముక్క అడ్డం పెడుతూ తీస్తూ ఇదే పని చేసేవాళ్ళు. లేయర్లంటే ఆ అట్టముక్కకు పుట్టిన కంప్యూటర్ మనవడు. తొమ్మిది ఫ్రేముల బదులు మూడు నిమిషాలు ఒకేసారి తెరిస్తే ఊరు తొమ్మిది రెట్లు వెలిగి తెల్లగా మాడిపోతుంది, అంతే. స్టాక్ చేయడం సెన్సర్ చేతకానితనానికి మనం చేసే సాయం. కాబట్టి దాన్ని నేను మోసం అనను.

మోసం వేరే ఉంది. వైజాగ్ బీచ్‌లో పడిన మెరుపును కోసి తెచ్చి మదనపల్లె ఆకాశంలో అతికించడం, గుడి గోపురం వెనక సరిగ్గా పడేలా దాన్ని జరపడం, జూమ్ లెన్స్‌తో తీసిన పెద్ద మెరుపును వైడ్ ఫోటోలో నాటడం. స్టాక్‌లో అబద్ధం ఉంటే అది కాలంలో ఉంటుంది, వీటిలో అబద్ధం చోటులోనే ఉంది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం వేసినట్టు, మన కాంటెస్టుల్లో ఈ రెండింటికీ కలిపి ‘ఎడిటింగ్ నాట్ అలౌడ్’ అని ఒకే రూల్ రాస్తారు. ఆ రూల్ వల్ల అతికించినవాడు నోరు మూసుకుని ప్రైజ్ కొట్టేస్తాడు, నిజాయితీగా స్టాక్ చేశానని చెప్పిన అమ్మాయి డిస్‌క్వాలిఫై అవుతుంది.

చెప్పడం, చెప్పకపోవడం దగ్గరే అంతా ఉంది. మాయాబజార్‌లో మార్కస్ బార్‌ట్లీ కెమెరాతో ఎన్ని చిత్రాలు చేసినా 1957 నుంచి ఇప్పటిదాకా ఒక్కరూ మోసం అనలేదు. సినిమా పేరులోనే మాయ అని చెప్పి మరీ చేశారు. దానికి సరిగ్గా ఎదురు కథ 2003లో జరిగింది. ఇరాక్ యుద్ధంలో లాస్ ఏంజిలిస్ టైమ్స్ ఫోటోగ్రాఫర్ బ్రయన్ వాల్‌స్కీ, బస్రా దగ్గర కొద్ది క్షణాల తేడాతో తీసిన రెండు ఫోటోలను కలిపి ఒకటిగా పంపాడు. వెనక కూర్చున్న జనంలో కొందరు రెండేసి సార్లు కనబడేసరికి విషయం బయటపడింది. పత్రిక ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. రెండు ఫోటోలూ నిజమే, రెండూ అక్కడే తీసినవే, తేడా కొన్ని క్షణాలే. అయినా చూసినవాళ్ళు దాన్ని ఒక క్షణం అనుకున్నారు, ఆయన అనుకోనిచ్చాడు.

‘అక్కా, అది యుద్ధం, ఇది ఉత్త మెరుపు. ఒక వాన ఫోటోకు ఇంత సీనా?’ అని మా జూనియర్ ఒకతను అడిగాడు. సరే, మెరుపు ఫోటోలో కాలం దాచేస్తే ఏం పోతుందో చెప్తాను.

మొదట పోయేది కరెంటు. ఇది మన ఊర్లవాళ్ళకు బాగా తెలుసు. నాలుగు మెరుపులు మెరిసి గాలి లేచిందంటే ఫీడర్ ట్రిప్ అవుతుంది, ఊర్లో సగం చీకటైపోతుంది. ఫ్రేములు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే అదంతా కనిపిస్తుంది: ఐదో ఫ్రేములో ఎడమవైపు వీధులు ఉన్నాయి, ఆరో ఫ్రేములో లేవు, ఇరవై ఫ్రేముల తర్వాత ఒక్కొక్కటిగా జనరేటర్ పెట్టుకున్న బిల్డింగులు వెలుగుతాయి. లైటెన్ మోడ్‌లో వెలిగే పిక్సెలే గెలుస్తుంది కదా, అందువల్ల స్టాక్ చేసిన ఫోటోలో కరెంటు ఎప్పటికీ పోదు. తొమ్మిది మెరుపులు పడ్డా మదనపల్లె పెళ్ళివారి ఇల్లులా వెలిగిపోతుంటుంది. మన జిల్లాలో అట్లాంటి రాత్రి ఒక్కటి చూపించండి, నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటా.

తర్వాత పోయేది ఆ 111 ఖాళీ ఫ్రేములు. మెరుపు లేని నల్లటి ఫ్రేములను ఎవరూ దాచుకోరు, డిలీట్ కొట్టేస్తారు. నిజానికి మబ్బు ఎప్పుడు ముదిరింది, ఎప్పుడు తేలిపోయింది అన్నది చెప్పేవి అవే. మొదటి 15 నిమిషాల్లో ఒకటి, తర్వాత పది నిమిషాల్లో ఏడు, చివర్లో ఒకటి పడితే అదొక కథ. నాలుగున్నర నిమిషాలకొకటి చొప్పున పడితే ఇంకో కథ. స్టాక్‌లో రెండూ ఒకటే ఫోటో. ప్రతి ఫైలు మీదా కెమెరా టైమ్ వేసి ఇస్తుంది. మన చేతిలో ఒక డేటా సెట్ ఉంటే దాన్ని కలిపేసి వాల్‌పేపర్ చేసుకుంటున్నాం. ల్యాబ్ రికార్డులో రీడింగ్స్ అన్నీ ఒకే గడిలో కుక్కి రాస్తే మన సార్లు ఊరుకుంటారా?

లెక్క పట్ల నాకింత పట్టుదల ఎందుకంటే, మన రాష్ట్రంలో ఒక రోజు లెక్క ప్రపంచమంతా వార్త అయింది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని విపత్తు నిర్వహణ అధికారులు చెప్పారు. వినగానే ఆకాశం మొత్తం పగిలిపోయినట్టు అనిపిస్తుంది. భాగించి చూడండి. రాష్ట్రం మొత్తానికి నిమిషానికి 47. వైశాల్యం సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లు. అన్నిచోట్లా సమానంగా పడ్డాయనుకుంటే, 100 చదరపు కిలోమీటర్లు కనిపించే మన ఫోటో ఫ్రేములోకి 13 గంటల్లో వచ్చేవి 23. అంటే గంటకు రెండు కూడా కాదు. నిజంలో సమానంగా పడవు, మబ్బు ఉన్నచోట గుంపుగా పడతాయి, మిగతా చోట అసలు పడవు. అయినా అంత పేరుమోసిన రోజు కూడా ఆకాశం మన స్టేటస్‌లలో ఉన్నట్టు లేదు. ఒక్క కన్నురెప్పపాటులో ఒక ఊరి మీద తొమ్మిది అనేది చూసి చూసి, ఒకటి పడితే ‘ఓ ఇంతేనా’ అనిపించే స్థితికి వచ్చాం.

ఆ ఒక్కటి చాలు. తెలుగులో మెరుపు వేరు, పిడుగు వేరు. ఇంగ్లీషులో రెండింటికీ లైట్నింగ్ అనే ఒకే మాట సరిపెట్టుకుంటారు, మనం మాత్రం చూసేదాన్ని ఒక పేరుతో, నేల మీద పడేదాన్ని ఇంకో పేరుతో పిలుస్తాం. ఊరి లైట్ల పైన కనిపిస్తే మెరుపు. ఆ లైట్లు అయిపోయిన చోట, చెనక్కాయల చేనులో, టమాటా తోటలో, జీవాల వెనక వెళ్ళినవాళ్ళ పక్కన పడితే పిడుగు. దేశంలో ఏటా 2,000 మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మన ఫోటోల్లో లైట్లు లేని నల్లటి భాగంలో ఉండేవాళ్ళు. వాన వస్తుందని చింతచెట్టు కిందికి చేరతారు. చెట్టు మీద పడిన కరెంటు పక్కకు దూకుతుంది, లేదా నేలలో పాకుతుంది. ట్రిపుల్ఈ వాళ్ళకు ఎర్తింగ్ పాఠంలో స్టెప్ పొటెన్షియల్ చెప్తారు కదా, రెండు పాదాల మధ్య వోల్టేజ్ తేడా, అదే ఇది. ఆవులకూ మేకలకూ ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఒక్క పిడుగుకు చెట్టు కింద మంద మొత్తం పడిపోతుంది. వాటిని చంపడానికి తొమ్మిది అక్కర్లేదు.

మెరుపు ఫోటో పుట్టిందే నిజం చెప్పడానికి అన్న సంగతి చాలామందికి తెలియదు. అంతకుముందు చిత్రకారులందరూ మెరుపును జిగ్‌జాగ్ గీతలా, రంపం పళ్ళలా గీసేవాళ్ళు. అది అట్లా ఉండదని చూపించాలని ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ అనే ఫోటోగ్రాఫర్ పట్టుబట్టి 1882లో మెరుపును గాజు ప్లేటు మీద పట్టాడు. చూస్తే అది రంపం కాదు, వంకరలు తిరిగే ఏరు, చెట్టు కొమ్మ. (మన ట్రాన్స్‌ఫార్మర్ల మీద డేంజర్ బోర్డు ఇంకా ఆ రంపం దగ్గరే ఆగిపోయింది.)

తర్వాత ఇంకా గొప్ప పని జరిగింది. చార్లెస్ వెర్నన్ బాయ్స్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త లెన్సులు గిరగిరా తిరిగే కెమెరా ఒకటి తయారుచేశాడు. లెన్సు తిరుగుతుంటే ఒక్కో క్షణం ఫిలిం మీద ఒక్కో చోట పడుతుంది. 1930లలో దక్షిణాఫ్రికాలో షాన్‌లాండ్ బృందం అట్లాంటి కెమెరాతో తీసి చూస్తే, మన కంటికి ఒక్క గీతలా కనిపించేది విడివిడిగా విడిపోయింది. మొదట మబ్బులోంచి ఒక మసక దారి మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టు దాదాపు 50 మీటర్లు చొప్పున కిందికి దిగుతుంది. నేలకు అందగానే అసలు వెలుగు అదే దారిలో పైకి లేస్తుంది. ఆ తర్వాత అదే దారిలో మళ్ళీ, మళ్ళీ, మామూలుగా మూడు నాలుగు సార్లు. మెరుపు చూస్తున్నప్పుడు వణికినట్టు కనిపిస్తుందే, అది ఇదే. ఇదంతా అరసెకను లోపల. ఆ మనుషులు కాలాన్ని సాగదీసి చూపించడానికి యంత్రం కట్టారు. వందేళ్ళ తర్వాత మనం ఇంజనీరింగ్ చదువుతూ 40 నిమిషాలను మడతపెట్టి ఒక్క క్షణంలా చూపిస్తున్నాం, అదీ చెప్పకుండా. నా కడుపుమంట అక్కడ.

ఆర్ట్ అనండి, ఒప్పుకుంటా. తొమ్మిది మెరుపుల ఫోటో చూడ్డానికి బాగుంటుంది, నాకూ బాగుంటుంది. ఆర్ట్ అయితే కింద నిమిషాలు రాస్తే ఆర్ట్ చచ్చిపోతుందా? ‘9 మెరుపులు, 40 నిమిషాలు, 120 ఫ్రేముల్లోంచి 9’ అని రాయండి. నాకైతే ఆ లైను చదివాక ఫోటో ఇంకా బాగుంటుంది. ఒక మనిషి 40 నిమిషాలు కిటికీ దగ్గర కూర్చుందని తెలుస్తుంది.

కిటికీ దగ్గర అన్నాను, మిద్దె మీద అనలేదు. ఇది కూడా చెప్పాలి. స్టాక్ చేయాలంటే ఎక్కువ సేపు తీయాలి, ఎక్కువ సేపు తీయాలంటే మబ్బు మీదికి వస్తున్నా కదలకూడదు. ఇనుప ట్రైపాడ్ పక్కన, హాస్టల్ మిద్దె మీద వాటర్ ట్యాంకు దగ్గర నిలబడి, ‘ఇంకొక్కటి పడితే పది’ అని కాచుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. హార్స్‌లీ హిల్స్ మీద వ్యూ పాయింట్ నుంచి తీద్దాం అని ప్లాన్ వేసేవాళ్ళూ ఉంటారు. 1,200 మీటర్లకు పైన, మబ్బుకు ఇంకాస్త దగ్గరగా, చేతిలో ట్రైపాడ్‌తో! మా లేడీస్ హాస్టల్ మిద్దెకు సాయంత్రం ఆరుకే తాళం వేస్తారు. ఆ తాళం మీద నాకు వేరే వ్యాసానికి సరిపడా కోపం ఉంది గానీ, మెరుపుల రాత్రి మాత్రం దాన్ని ఏమీ అనను.

మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్లలోపు ఉరిమితే అది 10 కిలోమీటర్లలోపే ఉంది, లోపలికి రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మా అవ్వ ఉరిమినప్పుడల్లా అర్జునుడి పది పేర్లు చదువుతుంది. నేను టైమర్ పెట్టి చూశా, ఆమె నిదానంగా చదివితే పదీ అయ్యేసరికి ఏడు సెకన్లు. మెరవగానే మొదలుపెట్టి, పేర్లు పూర్తికాకముందే ఉరిమిందంటే మబ్బు రెండు కిలోమీటర్లలో ఉన్నట్టు. అవ్వ అప్పటికే ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆమెకు ఈ లెక్కతో పనిలేదు. ఫోన్‌లో అయితే పుణెలోని ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ ఉంది, మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్నవి చూపిస్తుంది. ఫోటోకు కూడా దూరం మబ్బే మంచిది. నెత్తిమీది మెరుపు ఫ్రేములో పట్టదు. మొగిలి ఘాట్ దిగువన ఎక్కడో మెరుస్తుంటే గంగవరంలో గది కిటికీలోంచి, లైటు ఆర్పేసి, లెన్సును అద్దానికి ఆనించి తీస్తే సరిపోతుంది.

ఇక మన క్లబ్బు వాళ్ళకు. వచ్చే సంచిక ముఖచిత్రానికి మెరుపు ఫోటోలు పిలుస్తారని విన్నాను. ‘ఎడిటింగ్ నాట్ అలౌడ్’ అని మాత్రం పెట్టొద్దు. ఎన్ని ఫ్రేములు కలిపారో, మొదటి ఫ్రేముకూ చివరి ఫ్రేముకూ మధ్య ఎంత సేపో రాయమనండి, ఒరిజినల్ ఫైళ్ళు కూడా పంపమనండి. వేరే ఊరి మెరుపు అతికించినవాళ్ళు అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఒకే రాత్రి ఫైళ్ళు ఉండవు. ‘అంత రాస్తే లైకులు తగ్గుతాయక్కా’ అన్నాడు ఆ జూనియరే. తగ్గుతాయేమో, నాకు అభ్యంతరం లేదు.

ఇంకొకటి. ఖాళీ ఫ్రేములు డిలీట్ చేసే ముందు నాకు పంపండి. తేదీ, ఊరు, మొదలు, చివర, ఎన్ని మెరుపులు, కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అని కాలమ్స్ పెట్టి ఒక గూగుల్ షీట్ మొదలుపెట్టాను. గంగవరం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం, ఎక్కడ తీసినా పర్లేదు. ప్రస్తుతానికి అందులో నాలుగు రాత్రులే ఉన్నాయి, వాటిలో మూడింట్లో కరెంటు కాలమ్ నిండింది.